మట్టిని, నీటిని కాపాడమని సర్కారును నిలదీసిన మహాత్ముడు జ్యోతిరావు ఫూలే

మన సరిహద్దు గ్రామాలలో ముంబయి ముఖం చూడని వంశం అరుదు. ఏ ఇంట విచారించినా తాతో ముత్తాతో ఒకరు కామాఠీపుర గల్లీలలో, ఒంటిగది, ఉమ్మడి వసారా, ఉమ్మడి కుళాయి గల చాళ్లలో కొన్నేళ్లు గడిపినవారే. వానలు కురవక, చెరువులు నిండక ఊరు విడిచినవారు వారిలో ఎందరో. ఆ పేటకు తరువాతి కాలంలో వచ్చిన అపకీర్తి వలన దాని తొలినాళ్ల చరిత్ర మరుగున పడిపోయింది. అక్కడి తెలుగువారు ఒక మహనీయునికి అండగా నిలిచారనీ, ఆ మహనీయుడు చెరువులు, అడవులు, పశువుల బీళ్ల విషయంలో ప్రభుత్వానికి గల బాధ్యతను నూట నలభై ఏళ్ల క్రితమే గ్రంథస్థం చేశారనీ మన పిల్లలకు తెలియవలసి ఉన్నది. ఆయనే మహాత్మా జ్యోతిరావు ఫూలే.

జ్యోతిరావు 1827 ఏప్రిల్ 11న పూలతోటల మాలీ కుటుంబంలో జన్మించారు. తండ్రి గోవిందరావు. తల్లి చిమణాబాయి ఆయన పసితనంలోనే కన్నుమూశారు. 1840లో సావిత్రీబాయితో వివాహం జరిగింది. స్కాటిష్ మిషన్ పాఠశాలలో చదువుకున్న ఆ యువకుడు 1848లో పుణెలో బాలికల కోసం పాఠశాల తెరిచి, భార్యకు చదువు నేర్పి ఆమెనే ఉపాధ్యాయినిగా నిలిపారు. ఆ కారణంగానే దంపతులిరువురూ తండ్రి ఇల్లు విడువవలసి వచ్చింది.

విద్యాదాతగా ఫూలేను ఎరుగనివారు లేరు. నీటి విషయంలో ఆయన చేసిన పని మాత్రం తక్కువమందికే తెలుసు. ఊరి బావి దగ్గర దళితులకు నీళ్లు దొరకని కాలమది. 1868లో ఆయన తన ఇంటి నీటితొట్టిని వారందరికీ తెరిచిపెట్టారు. ప్రభుత్వాన్ని ప్రశ్నించడానికి ఎన్నో ఏళ్ల ముందే ఆయన తన ఇంటి నీటిని పంచిపెట్టారన్నమాట. జీవనోపాధికి ఆయన గుత్తపనులు చేసేవారు. పుణె దగ్గరి ఖడక్‌వాస్లా ఆనకట్ట పనులలో పాలుపంచుకున్నారు. ఆనకట్ట ఎలా లేస్తుందో, కాలువ నీరు ఎవరి పొలానికి చేరుతుందో, ఎవరి పొలానికి చేరదో ఆయన దగ్గరుండి చూశారు.

ఇక కామాఠీపుర సంగతి. గవర్నర్ హార్న్‌బీ కాలంలో మహాలక్ష్మి వద్ద సముద్రపు పోటుకు అడ్డుకట్ట వేశారు. ఆ పని 1784 నాటికి పూర్తయింది. అంతవరకు ఉప్పునీట మునిగిన పల్లపు నేల క్రమంగా బయటపడింది. నిజాం ఏలుబడిలోని తెలుగు ప్రాంతాల నుండి రాయి మోయడానికి, గోడ కట్టడానికి వచ్చిన కూలీలను అక్కడివారు కామాఠీలు అన్నారు. ఆ నేలపై వారు కాపురాలు పెట్టడంతో అది కామాఠీపుర అయింది. కాలక్రమంలో ముంబయి తెలుగువారిలో కొందరు పేరుమోసిన గుత్తేదారులుగా ఎదిగారు.

ఫూలే 1873 సెప్టెంబరు 24న సత్యశోధక సమాజాన్ని స్థాపించినప్పుడు ముంబయిలో ఆయనకు చేయూతనిచ్చినవారు ఈ తెలుగువారే. వ్యంకు బాళోజీ కాలేవార్, జాయా కరాడీ లింగు, రామయ్య వ్యంకయ్య అయ్యవారు వారిలో ముఖ్యులు. సమాజానికి అచ్చు యంత్రం కొనిపెట్టిన దాతలు వీరే. 1877లో పుణెలో మొదలైన దీనబంధు పత్రిక 1880లో ముంబయికి తరలి రావడానికి కూడా తెలుగువారి తోడ్పాటు కారణమయింది. మరాఠీ రైతు గోడును అచ్చులోకి తెచ్చిన సొమ్ములో తెలుగువారి చెమట కలిసి ఉన్నదని మనం గర్వంగా చెప్పుకోవచ్చు.

ఆ గోడు చిన్నది కాదు. 1876 నుండి 1878 వరకు దక్కనును మహాక్షామం కబళించింది. ఫూలే దంపతులు ధనకవడిలో అన్నశిబిరం నడిపి ఆకలిగొన్న పిల్లలను ఆదుకున్నారు. ఆ క్షామపు గాయాలు మానకముందే 1878లో అటవీ చట్టం వచ్చింది. తరతరాలుగా ఊరి పశువులు మేసిన బీళ్లు, వంటచెరకు ఇచ్చిన గుట్టలు సర్కారు అడవిలో కలిసిపోయాయి. అదే కాలంలో ముంబయి మహానగరానికి 1860లో విహార్, 1879లో తులసి జలాశయాలు సిద్ధమయ్యాయి. నగరానికి నీళ్లు తేగలిగిన ప్రభుత్వానికి పల్లె చెరువును కాపాడటం చేతకాని పనేమీ కాదు. ఆ మనసు ఎందుకు లేదన్నదే ఫూలే వేదన.

ఆ వేదనతో 1883 నాటికి ఆయన షేత్‌కర్యాచా ఆసూడ్, అనగా సేద్యగాని చెర్నాకోల, అనే గ్రంథాన్ని పూర్తి చేశారు. అందులో నిందలతో పాటు నేటి ఇంజనీర్లు సైతం ఆలోచించదగిన ఉపాయాలున్నాయి. ఖాళీగా ఉన్న సైనికుల చేత, పోలీసుల చేత వాలు భూములకు అడ్డంగా చిన్న చిన్న కట్టలు వేయించాలని ఆయన కోరారు. వాననీరు పొలాలలో ఇంకిన తరువాతనే వాగులో కలవాలనీ, అప్పుడే సారవంతమైన పైమట్టి కొట్టుకుపోకుండా నిలుస్తుందనీ వివరించారు. కొండల నడుమ, లోయలలో చెరువులు కట్టాలనీ, చెరువులలో పేరుకున్న పూడికను పూర్వంలాగే రైతులు పొలాలకు తోలుకొనే వీలు కల్పించాలనీ రాశారు. భూగర్భ జలం గుర్తించగల వారి చేత ఊరూరా జాడలు తీయించి బావులు తవ్వించాలన్నారు. కాలువ కింద ప్రతి రైతుకూ అతని వాటా మేరకు తూము ఏర్పరచాలన్నారు. అడవిలో కలుపుకున్న పశువుల బీళ్లను ఊళ్లకు తిరిగి ఇచ్చి, అమ్మకానికి కలప కొట్టడాన్ని మాత్రమే నిషేధించాలన్నారు.

ఈ సూచనలన్నిటి వెనుక ఒకటే న్యాయం ఉన్నది. భూమిశిస్తు వసూలు చేసే ప్రభుత్వం ఆ భూమి సారాన్ని కాపాడే బాధ్యతను కూడా స్వీకరించాలి. కాపాడే పేరుతో ఊరివారిని వెళ్లగొట్టడం మాత్రం కాపాడటం అనిపించుకోదు.

గ్రంథంలోని మొదటి రెండు అధ్యాయాలు దీనబంధులో వెలువడిన తరువాత ప్రచురణ ఆగిపోయింది. ప్రభుత్వాన్ని అంత సూటిగా విమర్శించిన రాత స్వజనుల పత్రికకే బరువైపోయింది. ఫూలే నొచ్చుకున్నారు గాని నిలిచిపోలేదు. ముంబయి, పుణె, ఠాణె, జున్నర్ మొదలైన చోట్ల స్వయంగా చదివి వినిపించారు. బరోడా పాలకుడు సయాజీరావు గాయక్వాడ్ కూడా దానిని ఆలకించారు. చదువురాని రైతు సైతం చెవులతో చదివిన పుస్తకమది.

1888 మే 11న ముంబయిలోని మాండవి కోళీవాడలో జరిగిన సభలో ప్రజలు ఆయనను మహాత్ముడని సత్కరించారు. అదే ఏడు ఆయనకు పక్షవాతం సోకింది. కుడిచేయి పడిపోతే ఎడమచేతితో రాయడం సాగించారు. 1890 నవంబరు 28న పుణెలో తనువు చాలించారు.

ఫూలే అడిగినదానిని నాటి బ్రిటిష్ ప్రభుత్వం చేయలేదు. నిజాం ఏలుబడిలోని మన పల్లెల నుండి కామాఠీపురకు దారి కూడా మూసుకుపోలేదు. చాలా కాలానికి 2014లో మహారాష్ట్రలో జలయుక్త శివార్, 2015లో తెలంగాణలో మిషన్ కాకతీయ ప్రారంభమయ్యాయి. సరిహద్దుకు ఇరువైపులా చెరువు పూడిక మళ్లీ పొలాలకు చేరింది. ఆ ట్రాక్టర్లను చూసి ఇది కొత్త ఆలోచన అని మురిసినవారు ఎందరో ఉన్నారు. అది 1883 నాటి రైతు పక్షపాతి ఆలోచన అని వారికి చెప్పినవారు లేరు.

పూడిక తీయడం ఒక్క ఏడాదితో ముగిసే పని కాదు. పథకాలు వస్తాయి, పోతాయి. చెరువు మాత్రం ఏటా పూడుతూనే ఉంటుంది. తన నీటిని ముందు పంచి, ఆ తరువాత సర్కారును నిలదీసిన ఫూలే మనకు రెండు పనులు అప్పగించి వెళ్లారు. మన ఊరి నీటిని అందరిదిగా చూసుకోవడం మొదటిది. కట్ట తెగినప్పుడు అధికారి గడప ఎక్కి అడగడం రెండవది. ఈ రెండూ మరచిన ఊరికి మిగిలేది ముంబయి బండి ఒక్కటే.