మదనపల్లె కాలేజీ పేరులో ఉన్న అనీబిసెంట్

బిట్ బ్యాంకుల్లో అనీబిసెంట్‌కు రెండు లైన్లే ఉంటాయి. హోంరూల్ లీగ్, 1916. కాంగ్రెస్ మొదటి మహిళా అధ్యక్షురాలు, 1917. టిక్ పెట్టి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతాం. మన సీమ వాళ్లకు ఆమె ఇంకోలా కూడా తెలుసు. మదనపల్లెలో అందరూ బి.టి. కాలేజీ అని పిలిచే బిసెంట్ థియోసాఫికల్ కాలేజీ ఆమె పేరు మీదే ఉంది. మా తొండూరు నుంచి పులివెందుల, కదిరి మీదుగా పోతే మదనపల్లె వస్తుంది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఆ ఊరు కూడా కడప జిల్లాలోనే ఉండేది. లండన్‌లో పుట్టిన మనిషి పేరు ఇంత దూరం ఎలా వచ్చిందో తెలియాలంటే మొదటి నుంచీ చెప్పుకోవాలి.

ఆమె 1847 అక్టోబర్ 1న పుట్టింది. పుట్టింటి పేరు అనీ వుడ్. ఐదేళ్ల వయసులో తండ్రి చనిపోయాడు. తల్లికి ఇల్లు గడవడం కష్టమైంది. మ్యారియట్ అనే ఆవిడ ఆ పిల్లను తన దగ్గర పెట్టుకుని చదువు చెప్పింది. 1867లో ఫ్రాంక్ బిసెంట్ అనే పాస్టరుతో పెళ్లయింది. ఒక కొడుకు, ఒక కూతురు. కూతురు మేబెల్‌కు పసితనంలోనే కోరింత దగ్గు వచ్చి చావు అంచుదాకా వెళ్లింది. ఏ పాపం చేయని పసిబిడ్డకు దేవుడు ఇంత బాధ ఎందుకు పెడతాడన్న అనుమానం తల్లికి అప్పుడే మొదలైంది. ఆ తర్వాత చర్చిలో ప్రభు భోజనం తీసుకోవడం మానేసింది. పాస్టరు భార్య అలా చేస్తే ఊరు ఊరుకుంటుందా? 1873లో భార్యాభర్తలు విడిపోయారు.

తర్వాత ఆమె చార్లెస్ బ్రాడ్లా అనే నాస్తిక నాయకుడితో కలిసి పనిచేసింది. 1877లో ఇద్దరూ కలిసి కుటుంబ నియంత్రణ గురించిన ఒక చిన్న పుస్తకం అచ్చు వేశారు. బూతు పుస్తకం వేశారని కేసు పెట్టారు. కింది కోర్టు జైలు శిక్ష వేసింది. అప్పీల్లో సాంకేతిక కారణంతో అది పోయింది. కానీ అసలు దెబ్బ 1878లో తగిలింది. దేవుణ్ని నమ్మని, ఇలాంటి పుస్తకాలు వేసే తల్లి దగ్గర ఆడపిల్ల పెరగకూడదని కోర్టు మేబెల్‌ను తండ్రికి అప్పగించింది. నమ్మకం మారినందుకు ఒక తల్లి బిడ్డను పోగొట్టుకుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కథలో ముందుకెళ్తే ఇది మళ్లీ అవసరమవుతుంది.

1888లో లండన్ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసే అమ్మాయిల గురించి ఆమె ఒక వ్యాసం రాసింది. తక్కువ జీతం, చిన్న తప్పుకు జరిమానాలు, భాస్వరం వల్ల దవడ ఎముక కుళ్లిపోయే జబ్బు. దాదాపు 1,400 మంది సమ్మె చేశారు, గెలిచారు. అదే ఏడాది ఆమె లండన్ స్కూల్ బోర్డుకు ఎన్నికై, పేద పిల్లలకు బడిలో భోజనం పెట్టాలని పోరాడింది.

1889లో ఒక పత్రిక కోసం బ్లావట్‌స్కీ రాసిన పుస్తకం సమీక్షించబోయి ఆమె థియోసాఫికల్ సొసైటీలో చేరిపోయింది. 1875లో న్యూయార్క్‌లో పుట్టిన ఈ సంస్థ తర్వాత మద్రాసు అడయారుకు మారింది. అన్ని మతాల్లోనూ సత్యం ఉంది, వాటిని పక్కపక్కన పెట్టి చదవాలి, మనుషులంతా ఒకటే, సేవ చేయాలి అన్నది క్లుప్తంగా వాళ్ల దారి. నాస్తికురాలు ఇలా మారిందేంటని పాత స్నేహితులు చాలామంది దూరమయ్యారు. 1893లో ఇండియాకు వచ్చి ఆమె మొదట పట్టుకున్నది చదువునే. 1898లో కాశీలో సెంట్రల్ హిందూ కాలేజీ పెట్టింది. బెనారస్ హిందూ యూనివర్సిటీకి మూలం అదే. 1907లో సొసైటీ అధ్యక్షురాలైంది.

ఇక్కడ మన జిల్లా కథలోకి వస్తుంది. నారాయణయ్య అనే రెవెన్యూ ఉద్యోగి థియోసాఫిస్టు. ఆయన కొడుకు జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో పుట్టాడు. కుటుంబం కొన్నాళ్లు కడపలో ఉంది. ఆ పిల్లవాడికి మలేరియా పట్టుకుంది కడపలోనే, 1905లో తల్లి సంజీవమ్మ పోయిందీ కడపలోనే. రిటైరైన తండ్రి 1909లో పిల్లల్ని తీసుకుని అడయారు చేరాడు. అక్కడ లెడ్‌బీటర్ అనే థియోసాఫిస్టు ఆ అబ్బాయిని చూసి, రాబోయే జగద్గురువు ఇతనే అన్నాడు. బిసెంట్ నమ్మింది. తండ్రి సంతకంతో కృష్ణమూర్తికి, తమ్ముడు నిత్యానందకు గార్డియన్ అయింది. 1911లో కృష్ణమూర్తిని పెద్దగా పెట్టి ఒక సంఘం కూడా నడిపించారు. 1912లో అన్నదమ్ముల్ని ఇంగ్లండ్ తీసుకెళ్లింది.

లెడ్‌బీటర్ మీద నమ్మకం లేని తండ్రి తన పిల్లల్ని తనకు ఇచ్చేయమన్నాడు. ఆమె ఇవ్వలేదు. ఆయన మద్రాసు హైకోర్టుకు వెళ్లాడు, 1913లో గెలిచాడు. ఆమె లండన్ ప్రివీ కౌన్సిల్‌దాకా వెళ్లి 1914లో తీర్పు తిప్పించుకుంది. పిల్లలు ఇంగ్లండ్‌లో ఉన్నారు, వాళ్ల వాదన ఎవరూ వినలేదు, మద్రాసు కోర్టుకు ఆ అధికారం లేదు అన్నది ఆ తీర్పు. 1878లో తల్లిగా బిడ్డ కోసం కోర్టులో నిలబడిన మనిషే ఇప్పుడు ఇంకొకరి బిడ్డల కోసం వాళ్ల తండ్రితో కొట్లాడింది. అప్పుడు ఆమెకు నమ్మకం లేదని బిడ్డను లాక్కున్నారు. ఇప్పుడు తన నమ్మకం కోసం ఆమె బిడ్డల్ని వదల్లేదు. నాకైతే ఆమె జీవితంలో అన్నిటికన్నా కష్టమైన చోటు ఇదే. ఆమె చేసిన మంచి పనులు చెప్పి దీన్ని దాటేయడం కుదరదు.

మదనపల్లె కాలేజీ 1915లో మొదలైంది. మరుసటేడు హోంరూల్ ఉద్యమం వచ్చింది. 1917 జూన్‌లో ప్రభుత్వం ఆమెను ఊటీలో నిర్బంధించింది. దేశమంతా గొడవ చేస్తే సెప్టెంబర్‌లో వదిలింది. మదనపల్లె విద్యార్థులు కూడా ఉద్యమంలో దిగారని మద్రాసు యూనివర్సిటీ కాలేజీ అఫిలియేషన్ తీసేసింది. అఫిలియేషన్ పోతే ఏమవుతుందో మనకు వేరే చెప్పక్కర్లేదు, డిగ్రీ కాగితమే ప్రశ్న అవుతుంది. అయినా కాలేజీ మూతపడలేదు. రవీంద్రనాథ్ ఠాగూర్ చాన్సలర్‌గా ఉన్న నేషనల్ యూనివర్సిటీ కింద నడిచింది. 1919 ఫిబ్రవరిలో ఠాగూర్ అక్కడికి వచ్చాడు. జనగణమనను ఇంగ్లీషులోకి మార్చింది ఆ కాలేజీలోనే. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ ఆ పాట బాణీని స్వరాల్లో రాసిపెట్టింది.

ఆ తర్వాత గాంధీ సహాయ నిరాకరణను ఆమె ఒప్పుకోలేదు. చట్టం దాటితే దేశం చేయి జారుతుందని భయపడింది. జనం గాంధీ వైపు వెళ్లారు, ఆమె సభలు పలచబడ్డాయి.

1929 ఆగస్టు 3న హాలండ్‌లోని ఓమెన్‌లో కృష్ణమూర్తి తన కోసం పెట్టిన సంఘాన్ని తనే రద్దు చేశాడు. సత్యానికి ఏ సంస్థా దారి కాదని, తనకు శిష్యులు వద్దని చెప్పేశాడు. ఆ సభలో 81 ఏళ్ల బిసెంట్ కూడా కూర్చుని ఉంది. ఇరవై ఏళ్లు ఆమె కట్టిందంతా ఒక్క రోజులో పోయింది. కానీ ఆమె అతన్ని తిట్టలేదు, వెలివేయలేదు, ప్రేమ తగ్గించుకోలేదు. తను ఒకప్పుడు చర్చి వదిలి వచ్చినట్టే అతనూ వదిలి వెళ్లాడు. చదువు చెప్పించిన మనిషి, చదువుకున్నవాడు వేరే దారి పడితే ఏం చేయాలన్న ప్రశ్నకు ఆ ముసలి వయసులో ఆమె ఇచ్చిన జవాబు అది. తండ్రి విషయంలో చేయలేని పని కొడుకు విషయంలో చేయగలిగింది.

1933 సెప్టెంబర్ 20న అడయారులో చనిపోయింది. జగద్గురువు వస్తాడన్న నమ్మకం గురించి ఇప్పుడు పెద్దగా ఎవరూ మాట్లాడరు. బి.టి. కాలేజీ ఉంది. మదనపల్లె దగ్గరే కృష్ణమూర్తి రిషి వ్యాలీ స్కూలూ ఉంది. మనలో చాలామంది ఏదో ఒక మిషన్ స్కూల్లోనో, మఠం బడిలోనో, ట్రస్టు కాలేజీలోనో చదివినవాళ్లమే. మనకు చదువు ఇచ్చినవాళ్లు బదులుగా మన నుంచి ఏం ఆశిస్తున్నారు, మనం కాదంటే ఊరుకుంటారా అని ఒకసారి ఆలోచించుకోవడానికి అనీబిసెంట్ కథ పనికొస్తుంది. ఈసారి మదనపల్లె వైపు వెళ్తే టమాటా మార్కెట్ చూసి తిరిగొచ్చేయకుండా ఆ కాలేజీ గేటు దగ్గర కూడా కాసేపు ఆగండి.