నేల కింద చూసిన శాస్త్రజ్ఞుడు

పైరు వాడిపోతే మనిషి కన్ను మొదట ఆకు మీదికి పోతుంది. మచ్చ ఉందా, పురుగు ఉందా అని వెతుకుతుంది. మొక్కను పెరికి వేరును చూసేవారు తక్కువ. ఆ వేరు పట్టుకొన్న మట్టి ఎలా ఉన్నదో చూసేవారు మరీ తక్కువ. ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో మన దేశానికి వచ్చి, ఆ పనిని ఏళ్ళ తరబడి పట్టుదలతో చేసినవాడు ఆల్బర్ట్ హోవార్డు.

హోవార్డు ఇంగ్లండులోని ష్రాప్‌షైర్ ప్రాంతంలో 1873 డిసెంబరు 8న ఒక వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. కేంబ్రిడ్జిలో ప్రకృతిశాస్త్రాలు అభ్యసించి, వెస్టిండీస్ దీవులలో శిలీంధ్రశాస్త్రజ్ఞుడుగా ఉద్యోగంలో చేరాడు. శిలీంధ్రమంటే బూజు. చెరకు, కోకో పంటలకు వచ్చే బూజు తెగుళ్ళను సూక్ష్మదర్శిని కింద పరిశీలించడం, రైతులకు సలహాలివ్వడం అక్కడ ఆయన పని. అయితే తాను చెప్పే సలహాను ముందుగా పరీక్షించి చూసుకోవడానికి ఆయనకు సెంటు భూమి అయినా లేదు. పండించని వాడు పండించేవాడికి నేర్పడం ఏమిటన్న ప్రశ్న ఆయనను వేధించింది.

1905లో బీహారులోని పూసా గ్రామంలో కొత్తగా వెలసిన వ్యవసాయ పరిశోధన సంస్థకు వృక్షశాస్త్రజ్ఞుడుగా రావడంతో ఆ కొరత తీరింది. అక్కడ ఆయనకు 75 ఎకరాల పొలం లభించింది. ఆ సంవత్సరమే ఆయన గాబ్రియేల్ అనే వృక్షశాస్త్రజ్ఞురాలిని వివాహం చేసుకొన్నాడు. ఆమె ఆయనకు భార్య మాత్రమే కాదు, పరిశోధనలో సమాన భాగస్వామి. 1913లో ప్రభుత్వం ఆమెను కూడా పూసాలో వృక్షశాస్త్రజ్ఞురాలిగా నియమించింది. ఆ రోజులలో ఒక స్త్రీకి అటువంటి పదవి దక్కడం అరుదు.

పూసా చుట్టుపక్కల రైతులు ఏ మందూ చల్లకుండానే ఆరోగ్యమైన పైర్లు పండిస్తూ ఉండడం హోవార్డు గమనించాడు. వారిని చూసి నేర్చుకోవాలనుకొన్నాడు. విదేశంలో చదివి వచ్చిన అధికారి గోచి పెట్టిన రైతును గురువుగా ఎంచుకోవడం చాలామందికి వింతగా తోచింది.

గోధుమలో మేలు రకాలను ఎంపిక చేయడం ఆ దంపతుల ముఖ్యమైన పని. పూసా 4, పూసా 12 అనే రకాలు వారి కృషి ఫలితాలే. కాని మంచి విత్తనం ఒక్కటే చాలదని వారికి త్వరలోనే తెలిసివచ్చింది. గోధుమ కోసిన వెంటనే, ఎండలు మండే రోజులలో, మోళ్ళను దున్ని నేలను ఎండకు విడిచిపెట్టారు. తెలుగు రైతు దీనినే వేసవి దుక్కి అంటాడు. పెళ్ళలు ఎండి విచ్చుకొన్నాయి. కలుపు వేళ్ళు మాడిపోయాయి. తొలకరి చినుకు ఒలికిపోకుండా నేలలోకి ఇంకింది. ఆ మడులలో తరవాతి పంట దిగుబడి పెరిగింది. అయితే దున్నిన నేలను వాన కోసుకొనిపోయే ప్రమాదం కూడా ఉన్నది. అందుకే హోవార్డు పొలానికి గట్లు, మురుగు కాలువలు కూడా ఏర్పాటు చేయించాడు.

ఆయన ప్రతిభ నీలి పంట విషయంలో మరింతగా బయటపడింది. బీహారు తోటలలో జావా నీలి మొక్కలు ఉన్నట్టుండి వడలి చనిపోసాగాయి. తోటల యజమానులు దిగులుపడ్డారు. హోవార్డు దంపతులు మొక్కలను తవ్వి, వేళ్ళను కడిగి చూశారు. వానాకాలంలో నీరు నిలిచి, పైమట్టి బిగుసుకొనిపోయిన చోట పీచువేళ్ళూ వాటి మీది బుడిపెలూ చచ్చిపోయి ఉన్నాయి. వేరుకు గాలి అందకపోవడమే మూలమని వారు నిర్ణయించారు. నీరు నిలవని మెరక నేలలలో, ఆగస్టులో విత్తిన నీలి బాగా పెరిగింది.

పండ్లచెట్ల మీద చేసిన పరీక్ష ఇంకా ఆసక్తికరమైనది. మామిడి, జామ, లిచీ వంటి చెట్లను నాటి, కొన్నింటి చుట్టూ గడ్డిని దట్టంగా పెరగనిచ్చారు. గడ్డి కింద చాలా చెట్లు గిడసబారాయి. కొన్ని పూర్తిగా ఎండిపోయాయి. గడ్డి ఉన్నప్పటికీ మధ్య మధ్య కందకాలు తీసి ఇటుకముక్కలు నింపిన చోట చెట్లు కొంత కోలుకొన్నాయి. ఆ ముక్కల సందులలో నుంచి వేళ్ళకు గాలి అందింది. నేల కూడా శ్వాసిస్తుందన్న ఆయన భావానికి ఇది గట్టి ఆధారమైంది.

ఆయన వాదం అందరికీ నచ్చలేదు. అదే సంస్థలో ఎడ్విన్ బట్లర్ అనే శిలీంధ్రశాస్త్రజ్ఞుడు ఉండేవాడు. గోదావరి డెల్టాలో తాటిచెట్ల మొవ్వు కుళ్ళిపోతున్నప్పుడు దానికి కారణమైన శిలీంధ్రాన్ని గుర్తించినవాడు ఆయనే. కందికి ఎండు తెగులు తెచ్చే బూజును కూడా బట్లరే వివరించాడు. హోవార్డు మాత్రం తెగులును శత్రువుగా కాక, సేద్యంలోని తప్పును చూపించే సూచికగా భావించాడు. నేలను బాగుచేస్తే తెగులు దానంతట అదే పోతుందన్నాడు. ఇక్కడ ఆయన కొంత అతిశయించాడనే చెప్పాలి. కంది ఎండు తెగులు బూజు పాత మోళ్ళలో, మట్టిలో ఏళ్ళ తరబడి బతికి ఉండి, సారవంతమైన నేలలో కూడా పైరును చంపగలదు. పంటమార్పిడి, తెగులును తట్టుకొనే రకాలు తప్పనిసరి. కాని నీరు నిలిచి బిగిసిన నేలలో వేరు బలహీనపడి బూజుకు సులభంగా లొంగుతుందన్నది నేటికీ నిలిచిన సత్యం.

విత్తనం ఒక శాఖకు, తెగులు మరొక శాఖకు, మట్టి ఇంకొక శాఖకు పంచడం హోవార్డుకు రుచించలేదు. 1924లో ఆయన పూసా విడిచి ఇందోరు వెళ్ళాడు. అక్కడి నల్లరేగడిలో పత్తి మీద పరిశోధన సాగిస్తూ, చెత్త, పేడ, పశువుల మూత్రం ఇంకిన మట్టి, బూడిద పొరలుగా వేసి, మధ్య మధ్య తిరగవేస్తూ, సుమారు మూడు నెలలలో ఎరువు తయారుచేసే పద్ధతిని రూపొందించాడు. యశ్వంత్ వాడ్ ఈ పనిలో ఆయనకు తోడ్పడ్డాడు. ఇందోరు పద్ధతి అనే పేరుతో అది ఎన్నో దేశాలకు వ్యాపించింది.

1930లో గాబ్రియేల్ మరణించింది. పాతికేళ్ళు ఒకే పొలంలో కలిసి నడిచిన తోడు పోయింది. మరుసటి సంవత్సరం ఆయన ఇంగ్లండుకు తిరిగి వెళ్ళిపోయాడు. 1934లో సర్ బిరుదు వచ్చింది. 1940లో వెలువడిన గ్రంథంలో తన భారతదేశపు అనుభవాలను వివరించాడు. 1947 అక్టోబరు 20న కన్నుమూశాడు.

ఆయన పనిచేసిన గంగా మైదానంలో 1990ల నుంచి చాలామంది రైతులు వరి కోసిన పొలాన్ని దున్నకుండానే, మోళ్ళ మధ్య యంత్రంతో గోధుమ విత్తుతున్నారు. మాటిమాటికీ తిరగదున్నితే నేలలోని జీవపదార్థం తరిగిపోతుందనీ, నాగలి పోటు ఆగేచోట గట్టిపొర ఏర్పడుతుందనీ తరవాతి పరిశోధనలు తేల్చాయి. మోళ్ళు మిగిలితే కొన్ని తెగుళ్ళు వాటిలో దాగుతాయి కూడా. అందువల్ల ఏ పొలంలో ఎంత దున్నాలో నిర్ణయించడానికి, హోవార్డు చేసినట్లే, నేటి శాస్త్రజ్ఞులు గొయ్యి తీసి వేళ్ళను చూస్తున్నారు.