మన పంతులుగారు రహీం సాబ్

ఫుట్‌బాల్ అంటే బ్రెజిల్ పేరే చెప్పే మన హాస్టల్ మిత్రులకు హైదరాబాద్ పంతులుగారి సంగతి చెప్పాలి. 1909లో పుట్టిన సయ్యద్ అబ్దుల్ రహీం ఉపాధ్యాయులు. ఆ తర్వాత హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు, భారత జట్టుకు శిక్షకులయ్యారు. 1951 ఆసియా క్రీడల స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన హయాంలోనివే.

అమ్ముగూడ పేదింటి కుర్రాడు తులసీదాస్ బలరాం ప్రాక్టీసుకు రావడానికి డబ్బుల్లేవంటే, సైకిల్ అద్దె తన జేబులోంచి ఇచ్చారు. పతకాలకన్నా నాకిదే పెద్దది. ఆ బలరామే తర్వాత దేశానికి ఆడారు.

1962, జకార్తా. అప్పటికే సాబ్‌కు క్యాన్సర్. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు కుట్లు పడ్డాయి. వేరే కోచ్ అయితే కూర్చోబెట్టేవాడు. ఈయన ఫార్వర్డ్‌గా దింపారు! ఫైనల్లో దక్షిణ కొరియాపై 2-1తో గెలిచాం, రెండో గోల్ జర్నైల్‌దే. మరుసటేడు జూన్‌లో సాబ్ కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం మనకు మళ్ళీ రాలేదు.