మాండలిన్ శ్రీనివాసుగారు

మా ఉంగుటూరినుండి తాడేపల్లిగూడెము, భీమవరము మీదుగా పోయినచో పాలకొల్లు చేరుదుము. పంచారామములలో నొకటియగు క్షీరారామమువలన ఆ యూరిపేరు విననివారు మన ప్రాంతమున లేరు. 2022లో జిల్లాలను విభజించినప్పుడు ఉంగుటూరు ఏలూరు జిల్లాలోను, పాలకొల్లు పశ్చిమగోదావరి జిల్లాలోను చేరినవి గాని, అంతకు పూర్వము మేమందరము ఒక్క జిల్లావారమే. ఆ పొరుగుతనమును పురస్కరించుకొని, ఆ యూర బుట్టి, దేశదేశములవారికి తన వాద్యమును వినిపించి, నలుబదియైదేండ్లకే కన్నుమూసిన ఉప్పలపు శ్రీనివాసుగారి చరిత్రమును వ్రాయ సంకల్పించితిమి. వారు పోయి దశాబ్దము దాటినది. మా పాఠశాలలోని క్రింది తరగతుల పిల్లలను అడిగిచూచితిమి. ఆ పేరు చెప్పగలిగినవారు మిగుల కొద్దిమంది.

శ్రీనివాసుగారు 1969వ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీన పాలకొల్లులో జన్మించిరి. తండ్రియగు సత్యనారాయణగారు శాస్త్రీయ సంగీతము నభ్యసించినవారు. బాలుడు ఆరేండ్లవాడై యుండగా తండ్రివెంట నొక కచేరీకి పోయి, అచ్చట మాండలిన్ నాదము విని, ఆ వాద్యమును చేతబట్టెను. పిల్లవాని వ్రేళ్ళ నేర్పును గనిపెట్టి తండ్రి క్రొత్త మాండలిన్ కొనియిచ్చి తానే పాఠము మొదలిడెను.

మాండలిన్ ఇటలీదేశపు వాద్యము. ఎనిమిది తీగలు జంటలుజంటలుగా నాలుగు వరుసలై యుండును. ఫిడేలు శ్రుతియే దాని శ్రుతి. చిన్న బిళ్ళతో మీటుదురు. మీటిన ధ్వని వెంటనే అణగిపోవును గనుక, దానిని నిలుపవలెనన్న బిళ్ళను ముందువెనుకలకు త్వరత్వరగా నాడింపవలెను. సినిమా వాద్యబృందములలో దానికి ఇంపైన చోటు దొరకినది గాని, కచేరీ వేదికపై రాగము పలుకదగిన వాద్యమని పెద్దలు తలపలేదు. కర్ణాటక సంగీతమునకు గమకము ప్రాణము. ఒక స్వరమునుండి మరియొక స్వరమునకు ఊగుచు, జారుచు, తాకుచు పోవుటయే గమకము. వీణకు మెట్లున్నను, తీగను ప్రక్కకు లాగి గమకము పలికింప వీలగును. మాండలిన్ తీగలు పొట్టివి, బిగువైనవి, పైగా జంటలు. ఒక జంటను ఒక్క తీరున లాగుట మిక్కిలి కష్టము.

1976లో వాసూరావు అను గిటారు వాద్యకారుడు ఏడేండ్ల యీ బాలునకు పాశ్చాత్య సంగీతమును పరిచయము చేసెను. పిదప తండ్రిగారికి గురువైన రుద్రరాజు సుబ్బరాజుగారు బాలుని ప్రజ్ఞను గుర్తించి తామే బోధింప బూనిరి. వీరు చెంబై వైద్యనాథ భాగవతులవారి శిష్యులు, గాత్రజ్ఞులు. వీరికి మాండలిన్ వాయించుట రాదు. ఈ సంగతిని చదువరులు గట్టిగా గుర్తుంచుకొనవలెనని మా కోరిక. ఏ వ్రేలు ఏ మెట్టుపై నుంచవలెనో, తీగ నెంత లాగవలెనో చెప్పగల గురువు ఆ బాలునకు లేడు. గురువుగారు పాడుదురు, శిష్యుడు విన్నదానిని తీగపై పలికింపవలెను. గొంతుకలో కదలిన ప్రతి కదలికకు చేతిలో నొక మార్గమును తానే వెదకుకొనవలెను. మాండలిన్ వాయించు గురువే దొరికియున్నచో ఆ గురువుగారి యలవాట్లు, ఆ వాద్యపు హద్దులు కూడ పాఠములో భాగమై వచ్చియుండెడివి. ఈ బాలునకు హద్దులు చెప్పువారు లేకపోయిరి. శ్రీనివాసుగారి వాద్యములో పాట వినబడునని పెద్దలు మెచ్చుకొనుటకు మూలము ఈ చదువేయని మేము తలంచుచున్నాము.

1978లో గుడివాడలో జరిగిన త్యాగరాజ ఆరాధనోత్సవములలో ఆ బాలుడు మొదటి కచేరీ చేసెను. కొల్లేటికి ఈవల మేమున్నాము, ఆవల గుడివాడ యున్నది. అప్పటికతని వయస్సు సుమారు తొమ్మిదేండ్లు. పిమ్మట కుటుంబము మద్రాసునకు తరలిపోయెను. 1981 డిసెంబరు సంగీతోత్సవములలో ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదికపై పండ్రెండేండ్ల బాలుడు కచేరీ చేయగా నగరము నివ్వెరపోయెను.

మెచ్చుకొనినవారితోపాటు సందేహించినవారును లేకపోలేదు. పరదేశపు వాద్యమేమి, విద్యుత్తు తగిలించుటేమి యని సంప్రదాయాభిమానులు కొందరు శంకించిరి. ఈ శంకకు మన సంగీత చరిత్రములోనే సమాధానమున్నది. ఫిడేలును బాలుస్వామి దీక్షితులవంటివారు తెల్లవారినుండి గ్రహింపకున్నచో నేడు ప్రక్కవాద్యము లేక మన గాయకులేమైపోవుదురు? ఆ ఫిడేలునే ప్రధాన వాద్యముగ జేసి వేదిక నడుమ కూర్చుండబెట్టినవారిలో మన విజయనగరపు ద్వారము వేంకటస్వామినాయుడుగారు అగ్రగణ్యులు కారా?

విద్యుత్తు మాట కూడ విచారింపదగినదే. శ్రీనివాసుగారు బోలు బుర్రగల మామూలు మాండలిన్ విడిచి, గట్టి చెక్కతో చేసిన విద్యుత్ మాండలిన్ గైకొనిరి. ఎనిమిది తీగల జంటపద్ధతిని మాని, విడివిడిగా నైదు తీగలు కట్టుకొనిరి. జంట పోయినందున తీగను యథేచ్ఛగ లాగుటకు వీలయ్యెను. ఆంప్లిఫయరు సాయమున మీటిన ధ్వని చావక నిలిచెను. నిలిచిన ధ్వనిపై గమకము నడిపింపవచ్చును. చచ్చిన ధ్వనిపై నడిపింప నేమున్నది? అమెరికా, ఇంగ్లండు దేశములలో రాక్ సంగీతపు గిటారు వాద్యకారులు విద్యుత్తు నాశ్రయించుటకును ఇదియు నొక కారణము. వారును తీగను ప్రక్కకు లాగి స్వరమును వంచుదురు. ఇరువురి చేతులును ఒకే పని చేయుచున్నవి. మనవారు దానిని గమకమందురు. ఆ దేశములవారికి వేరు పేరున్నది.

1983లో బెర్లిను నగరపు జాజ్ సంగీతోత్సవములో పదునాలుగేండ్ల శ్రీనివాసుగారు వాయింపగా, రాగతాళముల పేరైన నెరుగని శ్రోతలు లేచి నిలువబడి చేతులు తట్టిరి. 1992లో బార్సిలోనాలో ఒలింపిక్ క్రీడల సందర్భమున జరిగిన కళోత్సవములలోను వీరి కచేరీ జరిగెను.

ఇచట రికార్డులను గూర్చి కొంచెము చెప్పవలెను. పాత గ్రామఫోను పలకపై ఒక వైపున మూడు నాలుగు నిమిషములకు మించి పట్టదు. అందుచే ఆనాటి విద్వాంసులు రాగమును చిటికెలో ముగించి కృతి నెత్తుకొనవలసివచ్చెను. దీర్ఘవాదన పలకలు, టేపులు వచ్చిన పిమ్మటనే కచేరీని కచేరీగా పట్టి యుంచుట సాధ్యమయ్యెను. అంతమాత్రమున స్టూడియోలోని రికార్డును, సభలో పట్టిన రికార్డును ఒక్కటే యనరాదు. స్టూడియోలో తప్పు పోయినచో మరల వాయింపవచ్చును. సభలో ఆ వెసులుబాటు లేదు. రాగాలాపన యనునది అప్పటికప్పుడు పుట్టునది. అది రేపు ఇట్లే రాదు.

అమెరికాలో ఫ్రాంక్ జాప్పా (1940-1993) అను గిటారు విద్వాంసుడు 1988లో గిటార్ అను పేరుతోనే యొక రికార్డు వెలువరించెను. అది విచిత్రమైనది. తన కచేరీలలో పాటల నడుమ తాను వాయించిన గిటారు భాగములను మాత్రము కోసి తీసి, పాటలను పారవైచి, ఆ వాద్యమునే వరుసగ కూర్చెను. తోడుగా నుండునది తక్కిన వాద్యముల మేళము మాత్రమే, గొంతుక లేదు. పాటనుండి విడదీసినగాని ఆ దేశపు గిటారు వాద్యమునకు స్వతంత్రమైన ఆసనము దొరకలేదన్నమాట. మన కచేరీలో రాగాలాపనకు ఆ యాసనము మొదటినుండియు నున్నది. ఆలాపన ముందు వచ్చును, కృతి పిదప వచ్చును. మరియొక భేదము గలదు. శ్రీనివాసుగారు త్యాగరాజ కృతి నెత్తుకొనినప్పుడు మాటలు వినబడవు గాని, వినువారి మనస్సులో ఆ మాటలు తమంతట తామే పలుకుచుండును. ఏ యక్షరము వద్ద బిళ్ళ తగులవలెనో ఆ యక్షరము వద్దనే తగులును. సుబ్బరాజుగారి గొంతుక అచ్చటనే యున్నది.

ఈ రెండు లోకములును ఒకే వేదికపై కలిసికొనిన ఘట్టము వీరి జీవితములో వచ్చెను. జాన్ మెక్‌లాఫ్లిన్ అను ఆంగ్లేయ గిటారు విద్వాంసుడు 1970 దశకమున మన విద్వాంసులతో కలిసి శక్తి అను బృందమును నెలకొల్పెను. వారి మొదటి రికార్డు కూడ సభలో పట్టినదే. ఆ బృందము 1990 దశకము చివర రిమెంబర్ శక్తి యను పేర మరల వెలసినప్పుడు శ్రీనివాసుగారు అందు చేరిరి. జాకీర్ హుసేన్‌గారి తబలా, సెల్వగణేశ్‌గారి కంజీర. 1999లో ఐరోపా కచేరీలలో పట్టిన వాద్యము ది బిలీవర్ అను రికార్డుగా 2000లో వెలువడెను. 2000 డిసెంబరులో బొంబాయి సభలో పట్టినది సాటర్డే నైట్ ఇన్ బాంబే అను పేర మరుసటి సంవత్సరము వెలువడెను.

ఈ వ్యాసమునకై మేము ఆ రెంటిని మరల వింటిమి. గిటారు ఒక సంగతి వేయును. మాండలిన్ దానిని తిప్పి వేయును. మరల గిటారు కొంచెము మార్చి అందించును. కంజీర, తబలాలు వెంటబడును. సభలోని జనులు ఆపుకొనలేక మధ్యలోనే చేతులు తట్టుదురు. ఆ చప్పట్లు లేకున్నచో రికార్డు బోసిపోయెడిది. అయినను ఒక మాట దాచక చెప్పెదము. వేగము మితిమీరిన చోట్ల మాకు కొంత యలసట కలిగినది. ఆ వేగమును విమర్శించినవారు వారి జీవితకాలమునను ఉండిరి. ఆ విమర్శ పూర్తిగా నిరాధారమని మేమనజాలము. కాని అదే చేయి నెమ్మదిగా రాగమును విప్పునప్పుడు, ఒక్క స్వరముపై నిలిచి దానిని సన్నముగ నూపునప్పుడు, మెట్లుగల వాద్యమని మరచిపోవుదుము. కావున మన పిల్లలు ముందుగా వీరు ఫిడేలు, మృదంగములతో చేసిన మామూలు కచేరీ రికార్డులను విని, పిమ్మట గిటారుతోడి రికార్డులకు పోవుట మేలని మా యభిప్రాయము.

బిరుదములను గూర్చి విస్తరింపము. 1998లో పద్మశ్రీ వచ్చెను; తరువాత సంగీత నాటక అకాడమీ పురస్కారము వచ్చెను. మద్రాసు మ్యూజిక్ అకాడమీవారి సంగీత కళానిధి బిరుదము మాత్రము రాకయే పోయెను. తమ్ముడు రాజేశ్‌గారికి తామే మాండలిన్ నేర్పి, పెక్కు కచేరీలలో ప్రక్కన కూర్చుండబెట్టుకొని వాయించిరి. వేదికపై వీరు మాటలాడుట తక్కువ. నుదుట విభూతి, పెదవులపై చిరునవ్వు, ఒడిలో అరచేతి వెడల్పైన చిన్న వాద్యము. వారి చిత్రపటములలో నేడును అదియే కనబడును.

2014లో కాలేయవ్యాధి ముదిరి, కాలేయమార్పిడి శస్త్రచికిత్స జరిగిన పిమ్మట ఉపద్రవములు కలిగి, సెప్టెంబరు 19వ తేదీన చెన్నపట్టణమున శ్రీనివాసుగారు దివంగతులైరి. ఆరేండ్ల వయస్సున చేతబట్టిన వాద్యమును దాదాపు నలుబదియేండ్లు విడువలేదు.

ఆ బొంబాయి రికార్డులో సంతూరు వాయించిన శివకుమార్ శర్మగారు 2022లో పోయిరి. జాకీర్ హుసేన్‌గారు 2024 డిసెంబరులో పోయిరి. ఆ రాత్రి చేతులు తట్టిన జనుల చప్పుడు మాత్రము, మేము నిన్న సాయంకాలము విన్నప్పుడు కూడ, ఒక్క రవ్వయు తగ్గలేదు.