గ్రాహంబెల్ - దాగిన లోహముకై అన్వేషణ

దూరముననున్న వారితో మాటలాడుటకు సాధనమైన టెలిఫోనును లోకమునకొసగిన శాస్త్రజ్ఞుడు అలెగ్జాండర్ గ్రాహంబెల్. కంటికి కనబడని లోహమును చెవితో కనుగొన యత్నించినవాడును ఆయనయే. ఒక దేశాధ్యక్షుని ప్రాణమును నిలుపుటకై ఆయన చేసిన ఆ ప్రయత్నము విజ్ఞానచరిత్రలో మరపురాని ఘట్టము.

బెల్ 1847వ సంవత్సరము మార్చి 3వ తేదీన స్కాట్లండు దేశమందలి ఎడింబరో నగరమున జన్మించెను. ఆయన తండ్రి ఉచ్చారణశాస్త్రమున గొప్ప పండితుడు. తల్లికి వినికిడి మిక్కిలి తక్కువ. అందుచే శబ్దముయొక్క విలువ బెల్‌కు బాల్యముననే తెలిసెను. ఆయన సోదరులిరువురు క్షయవ్యాధికి బలియైరి. మిగిలిన ఒక్క కుమారునైనను దక్కించుకొనదలచి తలిదండ్రులు 1870లో అతనితో కెనడా దేశమునకు తరలిపోయిరి. మరుసటి యేట బెల్ అమెరికాయందలి బోస్టన్ నగరము చేరి, చెవిటి బాలబాలికలకు మాటలు నేర్పు ఉపాధ్యాయుడయ్యెను. పగలు బోధించుచు, రాత్రులు పరిశోధనలు సాగించుచు, తుదకు 1876 మార్చిలో టెలిఫోనుపై పేటెంటు హక్కును పొందెను.

టెలిఫోను తీగల చెంత ఇతర విద్యుత్తీగలున్నచో వాని ప్రభావమున వ్యర్థశబ్దములు వినవచ్చుచుండెను. ఆ చిక్కును తొలగించుటకై బెల్ రెండు తీగచుట్టలతో పరీక్షలు చేసెను. ఒక చుట్టలో మాటిమాటికి తెగుచు కలియుచుండు విద్యుత్తును పంపినచో, చెంతనున్న రెండవ చుట్టలోను విద్యుత్తు పుట్టును. ఈ ప్రేరణ ధర్మమును 1831లోనే మైకేల్ ఫారడే కనుగొనియుండెను. చుట్టలను తగినరీతిగా అమర్చినచో రెండవదానికి తగిల్చిన టెలిఫోను నిశ్శబ్దమగును. అప్పుడు లోహఖండమేదైన దాపునకు వచ్చినచో ఆ సమతూకము చెడి, టెలిఫోనులో ధ్వని వినబడును.

1881 జులై 2వ తేదీన వాషింగ్టన్ నగరపు రైలుస్టేషనులో అధ్యక్షుడు జేమ్స్ గార్ఫీల్డును ఒక హంతకుడు తుపాకితో కాల్చెను. ఒక గుండు చేతిని రాసికొనిపోయెను. రెండవది వీపులో దూరి లోపల నిలిచిపోయెను. ఎక్స్‌కిరణములు 1895 వరకు కనుగొనబడలేదు. గుండు ఎచ్చట నున్నదో తెలియక వైద్యులు శుభ్రపరుపని వ్రేళ్లతో, పరికరములతో గాయమును వెదకిరి. ఈ వార్త విని బెల్ తన తీగచుట్టలను జ్ఞప్తికి తెచ్చుకొనెను. సహాయకుడైన టెయింటరుతో కూడి రేయింబవళ్లు శ్రమించి యంత్రమును సిద్ధపరచెను. తవుడు నింపిన సంచిలోను, మాంసపు ముద్దలోను గుండును దాచి పరీక్షించెను. పూర్వయుద్ధమున తగిలిన గుండును దేహమున మోయుచున్న ఒక సైనికునిపైనను పరీక్ష జరిపెను.

జులై 26వ తేదీన అధ్యక్షుని పడకయొద్ద జరిగిన తొలి పరీక్ష విఫలమయ్యెను. యంత్రభాగమొకటి తప్పుగా కలుపబడినదని పిమ్మట తెలిసెను. ఆగస్టు 1వ తేదీన మరల పరీక్షింపగా సన్నని ధ్వని వినవచ్చెను. కాని అది ఒక్క స్థలమున గాక విశాలమైన చోట వినబడెను. బెల్ మనస్సు శంకించెను. విచారింపగా పరుపు క్రింద ఉక్కుతీగలతో అల్లిన మరియొక పరుపు గలదని తెలిసెను. ఆయన అట్టిదానినే తెప్పించి పరీక్షించి, తప్పంతయు పరుపుదే యని తేల్చుట తగదని గ్రహించెను. గుండు కుడివైపున గలదని వైద్యులు నమ్మియుండిరి. వెదకుటయు ప్రధానముగా ఆ వైపుననే జరిగెను.

ఆ ఆగస్టు నెలలోనే బెల్ దంపతులకు జన్మించిన మగశిశువు కొద్ది గంటలకే శ్వాస నిలువక మరణించెను. ఆ దుఃఖమునుండియే శ్వాసకు తోడ్పడు ఒక పరికరమును ఆయన రూపొందించెను. సెప్టెంబరు 19వ తేదీన గార్ఫీల్డు కన్నుమూసెను. మరణానంతర పరీక్షలో గుండు వెన్నెముకకు ఎడమవైపున మిక్కిలి లోతున కనబడెను. అంతలోతు లోహమును ఆ యంత్రము పసికట్టజాలదని బెల్ దాపరికము లేక ప్రకటించెను. గుండుకంటె గాయమున ప్రబలిన చీమే అధ్యక్షుని ప్రాణము తీసినదని నేటి వైద్యులనేకుల అభిప్రాయము.

ఆ ప్రయత్నము వ్యర్థము కాలేదు. నేడు వీధులు త్రవ్వుటకు ముందు పనివారు చేతియంత్రమును నేలపై మెల్లగా కదల్చుచు లోపలి గొట్టముల, కేబుళ్ల జాడ తెలిసికొందురు. అందులోను తీగచుట్టలే పనిచేయును. కొన్నియెడల లోహపు గొట్టమునకు స్వల్ప విద్యుత్తును పంపి, దానివలన పుట్టు అయస్కాంతక్షేత్రమును పైనుండి గుర్తింతురు. ప్లాస్టిక్ గొట్టము ఇట్లు దొరకదు గనుక దానితో ఒక లోహపుతీగను పాతుదురు. లోతు హెచ్చినకొలది సంకేతము క్షీణించును. చెంతనున్న వేరు లోహము భ్రమ కలిగించును. నాడు బెల్ ఎదుర్కొన్న చిక్కులే ఇవి. వీనిని గుర్తింపక గునపము దింపినచో విద్యుత్ కేబులు తెగి ప్రాణహాని కలుగవచ్చును.

బెల్ 1922 ఆగస్టు 2వ తేదీన కెనడాలో పరమపదించెను. అంత్యక్రియల వేళ ఉత్తర అమెరికాయందలి టెలిఫోనులు ఒక నిమిషము మౌనము వహించెను. ఓటమి కలిగినపుడు నిందను ఇతరులపై మోపక, కారణమును ఓర్పుతో వెదకుట ఆయన స్వభావము. విజ్ఞానము పెంపొందుటకు అట్టి సత్యనిష్ఠయే పునాది.