శిశుహృదయవేత్త జాన్ బౌల్బీ

పసివాడికి ఏమి తెలుస్తుంది, నాలుగు రోజులు ఏడ్చి తానే ఊరుకుంటాడు అనే మాట ఒక్క మన ఇళ్లలోనే కాదు, ఇరవయ్యో శతాబ్ది తొలి అర్ధభాగంలో ఇంగ్లండులోని పెద్ద పెద్ద ఆసుపత్రులలో సైతం వినిపించేది. ఆ మాటలోని నిజానిజాలను తేల్చడానికి తన జీవితకాలాన్ని వెచ్చించిన మనోవైద్యుడు జాన్ బౌల్బీ.

ఆయన 1907 ఫిబ్రవరి 26న లండన్ నగరంలో జన్మించాడు. తండ్రి సర్ ఆంథోనీ బౌల్బీ రాజకుటుంబానికి శస్త్రవైద్యుడు. ఆరుగురు సంతానంలో జాన్ నాలుగోవాడు. ఆనాటి సంపన్నుల ఇళ్లలో పిల్లల పెంపకం దాదుల పని. సాయంకాలం తేనీటి వేళ దాటాక సుమారు ఒక గంటసేపు మాత్రమే జాన్‌కు తల్లి సన్నిధి లభించేది. ముద్దుచేస్తే పిల్లలు చెడిపోతారని ఆ వర్గంవారి విశ్వాసం. అతణ్ణి ఎత్తుకొని లాలించినది మిన్నీ అనే యువతి. దేవకి కన్నతల్లి అయినా బాలకృష్ణుని అల్లరికీ అలుకకూ నోచుకున్నది యశోద కదా! జాన్ పాలిటి యశోద మిన్నీయే. అతనికి నాలుగేళ్లు నిండే వేళకు ఆమె కొలువు విడిచి వెళ్లిపోయింది. ఆ ఎడబాటు తల్లిని పోగొట్టుకోవడం వంటిదేనని పెద్దయ్యాక కూడా ఆయన తలచుకొనేవాడు. ఆ తరువాత ప్రపంచయుద్ధం వచ్చి తండ్రిని ఫ్రాన్సుకు తీసుకుపోయింది. జాన్ వసతి పాఠశాలకు చేరాడు. అక్కడి జీవితం అతనికి ఏనాడూ రుచించలేదు.

నౌకాదళ కళాశాలలో కొంతకాలం చదివి, దానిని విడిచి, కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో వైద్య విద్యకు ప్రవేశించాడు. అయితే దానిని మధ్యలో ఆపి, దారితప్పిన పిల్లల కోసం నడుపుతున్న ఒక పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరాడు. అక్కడ ఇద్దరు బాలురు ఆయన దృష్టిని ఆకర్షించారు. ఒకడు దొంగతనం చేసి వేరొక బడి నుంచి వెళ్లగొట్టబడినవాడు. ఎవరితోనూ కలవడు, ఎవరినీ నమ్మడు. రెండోవాడు ఎనిమిదేళ్లవాడు, నీడలా బౌల్బీ వెంటే తిరిగేవాడు. ఒకడికి మనుషులంటే లెక్కలేదు, మరొకడికి మనిషి కనపడకపోతే ప్రాణం నిలవదు. ఈ రెండు స్వభావాలకూ మూలం ఒకటేనేమో అన్న అనుమానం ఆయనలో అక్కడే అంకురించింది. ఆపైన ఆయన లండనుకు తిరిగివచ్చి వైద్యవిద్య ముగించాడు. మనోవిశ్లేషణలో శిక్షణ పొందాడు.

1936 నుంచి లండన్ బాలల మార్గదర్శక వైద్యశాలలో పనిచేస్తూ, అక్కడకు వచ్చిన 44 మంది బాలదొంగల పూర్వకథను ఓపికగా సేకరించాడు. వారిలో 14 మంది ఎవరిపట్లా మమకారం లేని స్వభావం గలవారని గుర్తించాడు. ఆ 14 మందిలో 12 మంది శైశవంలోనే చాలాకాలం తల్లికి దూరమైనవారు. దొంగతనం అలవాటు లేని మరో 44 మందిని పరిశీలిస్తే అటువంటివారు ఇద్దరే కనిపించారు. సంఖ్య చిన్నదే. పైగా నిర్ణయించినవాడూ ఆయనే. అయినా 1944లో వెలువడిన ఆ వ్యాసాన్ని కొట్టిపారేయడం ఎవరికీ సాధ్యం కాలేదు.

1939లో రెండో ప్రపంచయుద్ధం మొదలైనప్పుడు బాంబుల భయంతో లక్షలాది బాలబాలికలను నగరాల నుంచి పల్లెలకు తరలించారు. ఐదేళ్లలోపు పిల్లలను తల్లుల నుంచి వేరుచేయడం ప్రమాదకరమని బౌల్బీ మరో ఇద్దరు వైద్యులతో కలిసి వైద్యపత్రికకు లేఖ రాశాడు. యుద్ధానంతరం టావిస్టాక్ వైద్యశాలలో ఆయనకు జేమ్స్ రాబర్ట్‌సన్ అనే సహచరుడు లభించాడు. ఆసుపత్రిలో చేరిన పిల్లలను చూడటానికి తల్లిదండ్రులను అరుదుగా తప్ప రానివ్వని కాలమది. రాబర్ట్‌సన్ 1952లో, ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్న ఒక రెండేళ్ల పాపను చిత్రీకరించాడు. ఏడుపు ఆపిన పాప నెమ్మదించినట్లు నర్సులు భావించేవారు. చలనచిత్రం వేరొక కథ చెప్పింది. మొదట నిరసన, పిమ్మట నిరాశ, చివరకు ఉదాసీనత. ఊరుకోవడమంటే దుఃఖం తీరడం కాదు, ఆశ వదులుకోవడం. ఆ చిత్రం చూసిన వైద్యులు మండిపడ్డారు. అయినా ఏడేళ్లకు, 1959లో, ప్రభుత్వం నియమించిన సంఘమే తల్లిదండ్రుల రాకకు ఆంక్షలు తొలగించాలని సిఫారసు చేసింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం బౌల్బీ రాసిన నివేదిక 1951లో వెలువడింది. స్త్రీలను ఇంటికే కట్టిపడేసే సిద్ధాంతమని దానిని విమర్శించినవారున్నారు. ఆ విమర్శ పూర్తిగా నిరాధారం కాదు. అయితే తల్లి గానీ, తల్లి స్థానంలో స్థిరంగా నిలిచే మరొకరు గానీ ఉండాలన్నదే ఆయన భావం. క్షయ వైద్యశాలలో పసితనం గడిపిన 60 మంది పిల్లలను పరిశీలించాక, ఎడబాటు ఫలితాలను తాము అతిగా చెప్పామని 1956లో ఆయన బృందమే ఒప్పుకుంది. తాను చెప్పినదే వేదమని పట్టుబట్టని శాస్త్రజ్ఞుడాయన.

శిశువు తల్లిని అంటిపెట్టుకొనేది పాల కోసమే అన్న నాటి సిద్ధాంతం ఆయనకు సమ్మతం కాలేదు. అమెరికాలో హ్యారీ హార్లో పెంచిన కోతిపిల్లలు పాలసీసా ఉన్న తీగబొమ్మను కాదని మెత్తని గుడ్డబొమ్మను కౌగిలించుకోవడం ఆయన వాదానికి బలమిచ్చింది. అనురాగబంధంపై ఆయన బృహద్గ్రంథం 1969, 1973, 1980 సంవత్సరాలలో మూడు సంపుటాలుగా వెలువడింది. ఇంత రాసినవాడు స్వగృహంలో పొద్దుపోయాక గానీ కనిపించేవాడు కాదు. చీకటిపడ్డాక వస్తాడు, పని సంగతి చెప్పడు గనుక నాన్న దొంగేమోనని ఆయన కొడుకే ఒకసారి సందేహించాడని చెప్పుకుంటారు.

మెదడులోకి తొంగిచూసే సాధనాలు బౌల్బీకి లేవు. ఆ పని తరువాతివారు చేశారు. భయం కలిగినప్పుడు మెదడు పంపే సంకేతంతో అధివృక్క గ్రంథులు కార్టిసోల్ అనే హార్మోనును విడుదల చేస్తాయి. దగ్గరకు తీసుకొనే చేయి ఉంటే శిశువులో అది త్వరగా తగ్గుముఖం పడుతుంది. ఆ ఆసరా లేక ఒత్తిడి నెలల తరబడి సాగితే, భయాన్ని పసిగట్టే అమిగ్డలా, జ్ఞాపకాలకు తోడ్పడే హిప్పోకాంపస్, ఆవేశాన్ని అదుపుచేసే ముందు మెదడు ఎదిగే తీరు మారవచ్చు. అటువంటివారిలో కొందరికి పెద్దయ్యాక ఇతరులను నమ్మడం, స్నేహం నిలుపుకోవడం కష్టమవుతుంది.

1989లో రుమేనియాలో నియంతృత్వం కూలినప్పుడు శిశు సంరక్షణ సంస్థలలో మగ్గుతున్న పిల్లలు లక్షకు పైగా బయటపడ్డారు. 2000లో బుఖారెస్ట్‌లో శాస్త్రజ్ఞులు అటువంటి 136 మంది పసివాళ్లను ఎంచుకొని, చీటీ పద్ధతిన సగం మందిని పెంపుడు కుటుంబాలకు అప్పగించారు. రెండేళ్లు నిండకముందే కుటుంబం దొరికినవారి మెదడు విద్యుత్ తరంగాలు ఎనిమిదో ఏటికి ఇళ్లలో పెరిగిన పిల్లల తరంగాలను పోలి ఉన్నాయి. ఆలస్యంగా దొరికినవారిలో అంత మార్పు రాలేదు.

ఆ ఫలితాలను చూడటానికి బౌల్బీ జీవించి లేడు. తన చివరి సంవత్సరాలను ఆయన చార్లెస్ డార్విన్ జీవితచరిత్ర రచనకు వినియోగించాడు. ఎనిమిదేళ్ల వయసులో తల్లిని కోల్పోయిన డార్విన్‌ను జీవితాంతం వేధించిన అనారోగ్యానికి, బయటకు చెప్పుకోలేకపోయిన ఆ దుఃఖమే ఒక కారణమని ఆయన అభిప్రాయం. ఆ గ్రంథం వెలువడిన 1990లోనే, సెప్టెంబరు 2న, తాను ఏటా వేసవి గడిపే స్కాట్లండులోని స్కై దీవిలో, 83వ ఏట కన్నుమూశాడు. ఆయన సమాధి ఆ దీవిలోనే ఉంది.