ఉద్యోగం రాలేదు.. మ్యాప్ మీద పేరు మిగిలింది

ఇండోనేసియా మ్యాప్ ఓపెన్ చేసి బాలి, లాంబోక్ దీవులు వెతకండి. పక్కపక్కనే ఉంటాయి. మధ్యలో ఉన్న జలసంధి ఇరుకైన చోట వెడల్పు సుమారు 20 కిలోమీటర్లే. బాలిలో గిజిగాడు, వడ్రంగిపిట్ట, కంసాలిపిట్ట లాంటి మనకి తెలిసిన కుటుంబాల పక్షులుంటాయి. ఆ నీళ్లు దాటి లాంబోక్‌లో దిగితే ఒకప్పుడు తెల్ల కాకాటూలు కనిపించేవి. ఆకులూ మట్టీ పెద్ద కుప్పగా పోసి, అందులో గుడ్లు పాతిపెట్టే మెగాపోడ్ పక్షులుంటాయి. ఇవన్నీ ఆస్ట్రేలియా వైపు జీవులు.

1856లో ఈ తేడాని పట్టుకున్నది ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్. పోటీ పరీక్షల కోసం ‘వాలెస్ రేఖ’ అని ఒక్క బిట్‌గా చదివి వదిలేస్తాం కదా, ఆ వాలెస్సే. ఆయనకి డిగ్రీ లేదు, ఆస్తి లేదు. పేరొచ్చాక కూడా స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. మరి ఇంత పని ఎలా చేశారు?

సర్వే గొలుసుతో మొదలు

వాలెస్ 1823లో వేల్స్‌లో పుట్టారు. తండ్రి డబ్బు పోగొట్టుకోవడంతో 14 ఏళ్లు వచ్చేసరికి బడి ఆగిపోయింది. అన్న విలియం దగ్గర ల్యాండ్ సర్వే పనిలో చేరారు. సివిల్ బ్రాంచ్ వాళ్లు సర్వేయింగ్ ల్యాబ్‌లో కొన్ని రోజులు చేసే పనిని ఆయన ఏళ్ల తరబడి పొలాల్లో తిరుగుతూ చేశారు. కొలవడం, ఎక్కడ కొలిచామో వెంటనే రాసుకోవడం, దాన్ని మ్యాప్‌గా గీయడం.. ఇదీ నేర్చుకున్నది.

1843 చివర్లో సర్వే పనులు తగ్గిపోయాయి. అన్న ఇక పని ఇవ్వలేకపోయారు. లెస్టర్ ఊళ్లో ఒక స్కూల్లో టీచర్‌గా చేరారు వాలెస్. అక్కడ పురుగులు సేకరించే హెన్రీ బేట్స్ అనే కుర్రాడు పరిచయమయ్యాడు. ఇద్దరి దగ్గరా డబ్బు లేదు. అయినా ఒక ప్లాన్ వేసుకున్నారు. అడవికి వెళ్లాలి, పక్షులూ సీతాకోకచిలుకలూ సేకరించి లండన్‌లో ఏజెంట్ ద్వారా అమ్మాలి, ఆ డబ్బుతోనే పరిశోధన చేయాలి. ఇవాళ్టి భాషలో చెప్పాలంటే ఫండింగ్ లేని స్టార్టప్. 1848లో ఇద్దరూ అమెజాన్‌కి ఓడ ఎక్కారు.

మంటల్లో పోయిన కష్టం

నాలుగేళ్లు అమెజాన్, రియో నెగ్రో నదుల వెంట తిరిగారు వాలెస్. సాయంగా వచ్చిన తమ్ముడు హెర్బర్ట్ 1851లో యెల్లో ఫీవర్‌తో చనిపోయాడు. 1852లో ఆయన తిరిగి వస్తుంటే నడి సముద్రంలో ఓడకి నిప్పంటుకుంది. అమ్మకుండా దాచుకున్న సొంత సేకరణ అంతా కాలిపోయింది. చేతికి దొరికిన చిన్న పెట్టెలో చేపల, తాటి జాతి చెట్ల బొమ్మలు, కొన్ని నోట్స్ మాత్రం మిగిలాయి. పది రోజులు పడవలో గడిపాక ఇంకో ఓడ వచ్చి కాపాడింది. ఏజెంట్ ముందుచూపుతో చేయించిన 200 పౌండ్ల ఇన్సూరెన్స్ వల్ల రోడ్డున పడలేదు.

ఇంగ్లండ్ చేరాక ఆయనకి అక్కరకొచ్చింది పాత విద్యే. రియో నెగ్రోకి ఆయన గీసిన మ్యాప్‌ని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ ప్రచురించింది. తర్వాతి ప్రయాణానికి ఉచితంగా టికెట్ కూడా ఇప్పించింది. 1854లో వాలెస్ సింగపూర్‌లో దిగారు.

‘ఎక్కడ’ అనే కాలమ్

అప్పటి మ్యూజియాల్లో చాలా నమూనాల మీద ‘బ్రెజిల్’ లాంటి ఒక్క మాటే ఉండేది. ఏ నదికి ఏ ఒడ్డున దొరికిందో ఉండేది కాదు. అమెజాన్‌లో ఒక ఒడ్డున ఉన్న కోతి జాతి ఎదుటి ఒడ్డున ఉండకపోవడం వాలెస్ చూశారు. చోటు రాయకపోతే ఈ విషయం ఎప్పటికీ బయటపడదని ఆయనకి అర్థమైంది. అందుకే ఈసారి ఏ దీవిలో దొరికిందో లేబుల్ మీద రాస్తూ వచ్చారు.

ఎనిమిదేళ్లలో సుమారు 22,500 కిలోమీటర్లు తిరిగి, 1,25,660 నమూనాలు సేకరించారు. ఒక్కడే చేసిన పని కాదది. సరావాక్‌కి చెందిన అలీ అనే మలయ్ కుర్రాడు వంటవాడిగా చేరి, పక్షుల్ని సేకరించడంలో ఆరితేరాడు. వాలెస్ పేరు పెట్టిన స్వర్గ పక్షిని బచాన్ దీవిలో మొదట పట్టుకొచ్చింది అలీయే.

ఆ లేబుల్స్ అన్నీ ఒకచోట చేర్చి చూస్తే సరిహద్దు కనిపించింది. బాలి, లాంబోక్ మధ్య నుంచి పైకి, బోర్నియో, సులవేసి మధ్యగా వెళ్తుందది. కారణం సముద్రం లోతు. మంచు యుగంలో సముద్ర మట్టం సుమారు 120 మీటర్లు తగ్గినప్పుడు బాలి, జావా, బోర్నియో ఆసియాతో కలిసిపోయాయి. న్యూగినీ, అరు దీవులు ఆస్ట్రేలియాతో కలిశాయి. లాంబోక్ జలసంధి అంతకంటే లోతు కాబట్టి అప్పుడు కూడా ఎండలేదు. సులవేసి మాత్రం మిశ్రమం. అక్కడ కోతులూ ఉన్నాయి, కస్‌కస్ అనే సంచి జంతువూ ఉంది.

మనుషుల విషయంలో కూడా ఆయన ఇలాంటి గీతే గీశారు, మలయ్ ప్రజలకీ పాపువా ప్రజలకీ మధ్య. రూపాన్ని, స్వభావాన్ని బట్టి జాతుల్ని విడదీసే ఆ పద్ధతిని ఇప్పటి శాస్త్రం ఒప్పుకోదు. కానీ అరు దీవుల్లో స్థానికుల ఇంట్లోనే ఉంటూ వాళ్ల వర్తకం, తిండి, మాటల గురించి ఆయన రాసినవి ఇప్పటికీ చదువుతున్నారు.

1858లో తెర్నాతే నుంచి జ్వరంలో ఉండగానే ప్రకృతి వరణం ఆలోచనని రాసి డార్విన్‌కి పంపారు. డార్విన్ ఇరవై ఏళ్లుగా మోస్తున్న ఆలోచన కూడా అదే. జులై 1న లండన్ లిన్నేయన్ సొసైటీలో ఇద్దరి రాతలూ కలిపి చదివారు. అప్పటికి వాలెస్ న్యూగినీలో ఉన్నారు.

తిరిగొచ్చాక?

1862లో ఇంగ్లండ్ చేరేసరికి ఆయన పేరు శాస్త్రవేత్తలందరికీ తెలుసు. ఉద్యోగం మాత్రం రాలేదు. 1864లో జియోగ్రాఫికల్ సొసైటీలో అసిస్టెంట్ సెక్రటరీ పోస్టుకి అప్లై చేస్తే, అది పాత మిత్రుడు బేట్స్‌కి వెళ్లింది. 1878లో ఎపింగ్ అడవి సూపరింటెండెంట్ పోస్టు కూడా చేజారింది. దాచుకున్న డబ్బు తప్పుడు పెట్టుబడుల్లో పోయింది. భౌతిక భూగోళం పరీక్ష పేపర్లు దిద్దారు, పుస్తకాలు రాశారు. 1881లో డార్విన్ చొరవతో ఏడాదికి 200 పౌండ్ల ప్రభుత్వ పింఛను వచ్చాక కాస్త ఊపిరి పీల్చుకున్నారు. అప్పటికి ఆయన వయసు 58.

పోస్టు రాలేదని పని మాత్రం ఆపలేదు. 1869లో మలయ్ దీవుల ప్రయాణాల పుస్తకం, 1876లో ప్రపంచ జంతువుల విస్తరణ మీద రెండు సంపుటాలు వచ్చాయి. 1879లో ఆస్ట్రలేషియా మీద ఒక సంపుటం తయారుచేశారు. ఆ ఖండం నేల, జీవులు, ప్రజలు అందులో ఉన్నారు. 1908లో బ్రిటన్ ఇచ్చే ఆర్డర్ ఆఫ్ మెరిట్ అందుకున్నారు. 1913లో, 90 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఇందులో మనం గమనించాల్సింది ఒకటుంది. ఇంటర్వ్యూలో తిరస్కరించినంత మాత్రాన నేర్చుకున్న పని ఎటూ పోదు. పని లేక అన్న వదిలేసిన ఆ సర్వేయర్ విద్యే నదికి మ్యాప్ గీసింది, సింగపూర్‌కి టికెట్ తెచ్చింది, రెండు ఖండాల జీవుల మధ్య హద్దు చూపించింది. అలాగని కష్టపడితే జీతం దానంతటదే వస్తుందని కూడా ఈ జీవితం చెప్పదు. అది చాలా ఆలస్యంగా, స్నేహితుల సాయంతో వచ్చింది. ఈలోగా ఆయన ఇన్సూరెన్స్ డబ్బు మీదా, అమ్మకాల మీదా, పేపర్లు దిద్దిన ఫీజు మీదా నెట్టుకొచ్చారు.

ఆయన సేకరించిన పక్షులు, పురుగులు చాలావరకు లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉన్నాయి. వాటికి కట్టిన చిన్న కాగితాల మీద దీవుల పేర్లు ఇప్పటికీ చదవొచ్చు.